బెయిల్ వచ్చినా గేటు తెరుచుకోలేదు: ఉచిత న్యాయ సహాయంతో నేను బయటికి వచ్చిన తీరు

నాకు బెయిల్ మంజూరైంది 2024 డిసెంబరు 9న. జైలు నుంచి బయటికి వచ్చింది క్రిస్మస్ దాటాక. బెయిల్ వచ్చిందంటే మనిషి ఇంటికి వచ్చినట్టే అని మా ఊళ్లో అందరూ అనుకుంటారు. మా ఇంట్లో వాళ్లూ అలాగే అనుకుని కోడిని కోసి పెట్టుకున్నారు. మధ్యలో ఏం జరుగుతుందో ముందే తెలిస్తే సగం ఏడుపు తప్పేది. మా పాలమూరు వైపు నుంచి బతుకుదెరువుకు పోయి, వేరే జిల్లాలో కేసులో పడ్డవాళ్ల కోసం, వాళ్ల ఇంట్లో వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కేసు ఇంకా నడుస్తోంది కాబట్టి తప్పు ఎవరిదన్న సంగతి ఇక్కడ రాయను.

మాది అచ్చంపేట దగ్గర పల్లె. నల్లగొండ జిల్లాలో ఒక రైస్ మిల్లులో డీసీఎం వ్యాను నడిపేవాణ్ణి. బస్తాల లెక్క తేలడం లేదని ఓనర్ ఫిర్యాదు ఇచ్చాడు. నాతో పాటు ఇంకో ఇద్దరి మీద కేసు అయింది. కొత్త చట్టం భారతీయ న్యాయ సంహితలో 306 సెక్షన్. పనివాడు యజమాని సొత్తు దొంగిలించాడన్న కేసు అది. ఏడేళ్ల వరకు శిక్ష ఉంటుంది, నాన్ బెయిలబుల్, అంటే బెయిల్ కోర్టే ఇవ్వాలి.

అక్టోబరు 7న రిమాండ్. బతుకమ్మ రోజులు. ఊళ్లో మా ఆవిడ పూలు తెచ్చుకునే వేళ, నేను దసరా సెలవుల్లో డ్యూటీలో ఉన్న ఇన్‌చార్జి మేజిస్ట్రేట్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాను. నల్లకోటు వేసుకున్న ఒకాయన నా పక్కకు వచ్చి రెండు మాటలు అడిగి, మేజిస్ట్రేట్‌కు ఏదో చెప్పాడు. ఆయన ఎవరో, నా తరఫున ఎందుకు మాట్లాడాడో అప్పుడు అర్థం కాలేదు. లీగల్ ఎయిడ్, అంటే ఉచిత న్యాయ సహాయం తరఫున రిమాండ్ సమయంలో ఉండే లాయర్ అని నెల తర్వాత తెలిసింది. పద్నాలుగు రోజుల రిమాండ్ రాశారు. చీకటి పడే వేళకు జిల్లా జైల్లో ఉన్నాను.

మొదటి రాత్రి గురించి ఎక్కువ రాయలేను. ఒంటి మీది పుట్టుమచ్చలు రాసుకున్నారు, ఎత్తు కొలిచారు, డాక్టరు చూశాడు, బెల్టు, పర్సు, ఫోను లిస్టు రాసి తీసుకున్నారు. బ్యారక్‌లో ఒక పెద్దాయన కొంచెం జరిగి నాకు చోటిచ్చి, "పండుకో బిడ్డా, పొద్దుగాల మాట్లాడుకుందాం" అన్నాడు. ఈయన సంగతి మళ్లీ చెబుతాను.

ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మా ఆవిడ నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెచ్చింది. ఎవరో చెప్పిన ఒక ప్రైవేటు లాయర్‌కు పదిహేను వేలు ఫీజు, ఖర్చులకని ఇంకో మూడు వేలు ఇచ్చింది. "వారం రోజుల్లో మనిషి మీ ఇంట్లో ఉంటాడు" అన్నాడట. బెయిల్ పిటిషన్ వేశాడు. దర్యాప్తు ఇంకా నడుస్తోందని దీపావళికి ముందు కోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఆయన ఫోను ఎత్తడం మానేశాడు. ఎత్తినప్పుడు, పై కోర్టుకు పోవాలి, ఇంకో పది వేలు తెమ్మన్నాడు.

ములాఖత్‌కు మా ఆవిడ అచ్చంపేటలో బస్సెక్కి దేవరకొండలో దిగి, అక్కడ మళ్లీ బస్సెక్కి వచ్చేది. ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో టికెట్ లేకపోవడం వల్లే ఆమె అన్నిసార్లు రాగలిగింది. తోడు వచ్చే మా బావకు మాత్రం చార్జీలు పెట్టుకోవాల్సి వచ్చేది. ఆధార్ కార్డు మరచిపోయి వస్తే లోపలికి రానివ్వరు. అంత దూరం వచ్చి గేటు దగ్గర నుంచే తిరిగిపోయిన ఒక తల్లి గురించి మా ఆవిడ చెప్పింది.

రిమాండ్ పొడిగింపు ప్రతిసారీ వీడియోలో అయ్యేది. ఒక గదిలో వరసగా నిలబడతాం, పేరు పిలుస్తారు, తెర మీద మేజిస్ట్రేట్ కనిపిస్తారు, తర్వాతి తేదీ చెబుతారు. చొక్కా సర్దుకుని నిలబడేలోపు పక్కవాడి పేరు పిలుస్తారు. నా కేసులో ఏం జరుగుతోందో నాకే తెలియదు. అన్నిటికన్నా ఎక్కువ కుంగదీసింది అదే. తిండి, దోమలు, రాత్రంతా వెలిగే లైటు, వీటికి మనిషి అలవాటు పడతాడు. ఏమీ తెలియకుండా కూర్చోవడానికి మాత్రం అలవాటు పడలేడు.

నవంబరు 9 జాతీయ న్యాయ సేవల దినోత్సవం. ఉచిత న్యాయ సహాయం చూసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు జైల్లో న్యాయ అవగాహన కార్యక్రమం పెట్టారు. జడ్జి గారు వచ్చారు, ఆయనతో పాటు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసు నుంచి ఒక లాయర్ మేడం వచ్చింది. ఇలాంటి మీటింగుల్లో ఫొటో దిగి వెళ్లిపోతారేమో అనుకున్నాం. ఆ మేడం మైకు పక్కన పెట్టి, "మీ క్రైమ్ నంబరు, అంటే స్టేషన్‌లో మీ కేసు నంబరు, రిమాండ్ అయిన తేదీ చెప్పగలిగినవాళ్లు చేతులు ఎత్తండి" అంది. చాలా తక్కువ చేతులు లేచాయి. "మీరు మొదట నేర్చుకోవాల్సింది ఆ రెండే" అని చెప్పి, తర్వాత గంటసేపు నిలబడే మాట్లాడింది.

ఆమె చెప్పినవి నేను తర్వాత క్యాంటీన్‌లో కొన్న నోట్‌బుక్‌లో రాసుకున్నాను. అందులో నుంచి కొన్ని.

జైల్లో ఉన్న మనిషికి ఉచిత లాయర్ దొరకడానికి పేదవాడని సర్టిఫికెట్ అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం, కస్టడీలో ఉన్నాడంటే చాలు, ఆదాయం ఎంతని అడగరు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు కూడా ఆదాయంతో పని లేదు. డిఫెన్స్ కౌన్సిల్ ఆఫీసులో ఉండే లాయర్లు ఫుల్‌టైమ్ ఇదే పని చేస్తారు, వేరే ప్రైవేటు కేసులు తీసుకోరు. వాళ్లకు మన దగ్గర రూపాయి ఇవ్వక్కర్లేదు. ఎవరైనా అడిగితే సంస్థ సెక్రటరీకి చెప్పాలి. ఆ సెక్రటరీ కూడా జడ్జే.

ఆ రోజు నా గుండె దడదడలాడేలా చేసింది ఇంకో మాట. అరెస్టయిన మనిషిని పోలీసులు చార్జిషీటు వేయకుండా ఇష్టమున్నన్ని రోజులు లోపల ఉంచడానికి లేదు. చావు శిక్ష, యావజ్జీవం, పదేళ్లు అంతకంటే ఎక్కువ శిక్ష పడే కేసులైతే 90 రోజులు, మిగతా వాటికి 60 రోజులు. గంజాయి కేసుల్లో వాణిజ్య పరిమాణం, అంటే చట్టం చెప్పిన పెద్ద మొత్తం, అయితే 180. గడువు లోపల చార్జిషీటు రాకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. కోర్టుల్లో దీన్ని మాండేటరీ బెయిల్ అంటారు. అయితే అది తనంతట తాను రాదు. గడువు దాటిన వెంటనే పిటిషన్ వేయాలి. మనం వేసేలోపు పోలీసులు చార్జిషీటు వేస్తే ఆ హక్కు పోతుంది. లెక్క రిమాండ్ చేసిన రోజు నుంచే మొదలవుతుంది.

మీటింగ్ అయ్యాక వరసలో నిలబడి మేడంతో మాట్లాడాను. నా రిమాండ్ తేదీ అడిగింది, వేళ్ల మీద లెక్కపెట్టింది, ఒక చీటీ మీద "డిసెంబరు 6" అని రాసి నా చేతిలో పెట్టింది. ఏడేళ్ల లోపు కేసుల్లో అరెస్టు కంటే ముందు నోటీసు ఇవ్వాలి కదా, 41ఏ నోటీసు, ఇప్పుడు కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 35(3) అంటున్నారు, అది ఇచ్చారా అని కూడా అడిగింది. ఇంతకు ముందు ఏమైనా కేసులు ఉన్నాయా, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు, భూమి ఎంత, అన్నీ రాసుకుంది. నెల రోజుల తర్వాత ఒక మనిషి నా కేసు గురించి నన్నే అడగడం అదే మొదటిసారి. కళ్లలో నీళ్లు ఆగలేదు.

అక్కడే దరఖాస్తు నింపి, వకాలత్ మీద, అంటే నా తరఫున వాదించమని లాయర్‌కు ఇచ్చే కాగితం మీద, సంతకం చేశాను. జైలు సూపరింటెండెంట్ అటెస్ట్ చేయాలి, రెండు రోజుల్లో అయిపోయింది. తర్వాత ఒక చిక్కు వచ్చింది. ఇది చాలామందికి తెలియదు. లాయర్‌ను మార్చాలంటే పాత లాయర్ "నాకు అభ్యంతరం లేదు" అని వకాలత్ మీద రాసివ్వాలి. మా ఆవిడ ఆయన దగ్గరికి వెళ్తే, బాకీ ఐదు వేలు కడితే సంతకం పెడతానన్నాడు. మేము ఆయనకు బాకీ లేము. లీగల్ ఎయిడ్ మేడంకు చెబితే, "ఆయన సంతకం పెట్టకపోతే కోర్టు అనుమతి తీసుకుంటాం, మీరు మళ్లీ డబ్బులు ఇవ్వకండి" అంది. మెమో వేసింది, కోర్టు ఒప్పుకుంది. దీనికి వారం పైనే పట్టింది. కాబట్టి లాయర్‌ను మార్చాలనుకుంటే గడువు దగ్గర పడేదాకా ఆగకండి.

డిసెంబరు 6 దాకా చేయడానికి ఏమీ లేదు. ఆ రోజుల్లోనే నేను మా బ్యారక్‌కు రాసిపెట్టేవాణ్ణి అయ్యాను. ఇంటర్ దాకా చదివాను, తెలుగు చేతిరాత బాగుంటుంది. జైల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉంటుంది, లాయర్ వారంలో కొన్ని రోజులు వచ్చి కూర్చుంటారు. చాలామంది అక్కడికి పోవడానికి జంకుతారు. ఏం అడగాలో తెలియదు, కాగితాలు ఉండవు. నేను ఒక్కొక్కరి క్రైమ్ నంబరు, సెక్షన్లు, రిమాండ్ తేదీ, ముందున్న లాయర్ పేరు, ఇంటి ఫోను నంబరు ఒక కాగితం మీద రాసిచ్చేవాణ్ణి. ఆ కాగితం పట్టుకుని పోతే మేడం పని సగం తగ్గేది. తేదీలు లెక్కపెట్టడం అందరికీ ఒక అలవాటైంది. గంజాయి కేసులో ఉన్న ఒక డిగ్రీ కుర్రాడు తనకూ 60 రోజులే అనుకుని ఆశ పెట్టుకున్నాడు. 180 అని చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు నోరు రాలేదు.

మొదటి రాత్రి చోటిచ్చిన పెద్దాయన దేవరకొండ అవతల తండా మనిషి. ఆయనకు బెయిల్ ఎండాకాలంలోనే వచ్చిందట. ఇద్దరు ష్యూరిటీలు, అంటే ఆయన కోసం పూచీ పడే మనుషులు, కావాలన్నారు. కొడుకులు హైదరాబాద్‌లో కూలి పనిలో ఉన్నారు, ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. అంతే, అక్కడే ఉండిపోయాడు. ఆయన మీద కేసు రుజువైతే పడే శిక్ష కంటే ఆయన ఆగిన కాలం మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. "తప్పు ఒప్పుకుంటే ఉన్న రోజులు చాలంటరట, ఒప్పుకోనా బిడ్డా" అని నన్ను అడిగేవాడు. మేడంను అడిగాం. ఒప్పుకుంటే శిక్ష పడినట్టే రికార్డు అవుతుంది, తప్పు చేయకపోతే బయటికి రావడం కోసం మాత్రం ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పింది. ఆయన పేరు మీద కాగితం రాసింది నేనే. తండాలో ఆయన పరిస్థితి గురించి రిపోర్టు తెప్పించి, సొంత పూచీకత్తు మీద వదలమని లీగల్ ఎయిడ్ వాళ్లు పిటిషన్ వేశారు. డిసెంబరు మొదటి వారంలో, నాకంటే ముందే, ఆయన వెళ్లిపోయాడు.

డిసెంబరు 6 శుక్రవారం పొద్దున కోర్టు తెరవగానే మేడం నా పిటిషన్ వేసింది. అప్పటికి చార్జిషీటు పడలేదు. సోమవారం ఆర్డర్ వచ్చింది. సాయంత్రం వార్డర్ చెబితే బ్యారక్‌లో అందరూ కేకలు వేశారు. ఇరవై ఐదు వేల చొప్పున ఇద్దరు ష్యూరిటీలు, అందులో ఒకరు ఆ ప్రాంతం వాళ్లే ఉండాలి, ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం పెట్టాలి. ఇవీ షరతులు.

ఆ ప్రాంతంలో నాకు తెలిసిన వాళ్లంటే మిల్లు ఓనర్, మిల్లులో పనివాళ్లు. కేసు పెట్టింది ఓనరే. పనివాళ్లు పని పోతుందని భయపడ్డారు. మా బావకు అచ్చంపేట దగ్గర ఎకరంన్నర భూమి, పట్టాదారు పాస్‌బుక్ ఉన్నాయి, ఆయన సిద్ధమే. రెండో మనిషి, అదీ లోకల్ మనిషి, ఎక్కడ దొరుకుతాడు? కోర్టు బయట ఒకడు మా ఆవిడను పట్టుకుని, ఎనిమిది వేలిస్తే ఇద్దరిని తెస్తానన్నాడు. ఆమె ఒప్పుకునే దాకా వచ్చి, మేడంకు ఒకసారి ఫోను చేసింది. "ఆ కాగితాలు దొంగవి అయితే మీ మీద ఇంకో కేసు అవుతుంది, వద్దమ్మా" అంది మేడం. ఆ ఒక్క ఫోను మమ్మల్ని కాపాడింది.

లోపల ఆ రోజులు చాలా చెడ్డవి. బెయిల్ రాకముందు ఆశ లేదు, ఓర్చుకున్నాను. వచ్చాక ప్రతి సాయంత్రం లాకప్ అయ్యేదాకా గేటు వైపే చెవి. తిండి సయించలేదు.

ఇక్కడే నాకు తెలియని ఇంకో తలుపు ఉందని తెలిసింది. సుప్రీంకోర్టు 2023 జనవరి 31న దీని మీదే ఆదేశాలు ఇచ్చింది. బెయిల్ ఆర్డర్ కాపీని కోర్టు అదే రోజు గానీ మర్నాడు గానీ జైలుకు ఈమెయిల్ చేయాలి. ఏడు రోజుల్లో మనిషి విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ న్యాయ సేవాధికార సంస్థ సెక్రటరీకి తెలపాలి, వాళ్లు మనిషిని పంపి కారణం కనుక్కోవాలి. నెలలోపు పూచీకత్తు పెట్టలేకపోతే కోర్టే తనంతట తాను షరతులు సడలించే సంగతి చూడొచ్చు. లోకల్ ష్యూరిటీనే కావాలన్న పట్టుదల విడుదల ఆలస్యానికి ఒక కారణమని, అలాంటి షరతు పెట్టకపోవచ్చని కూడా అందులో ఉంది. బయటికి వెళ్లాక ష్యూరిటీ తెచ్చుకుంటానంటే తాత్కాలిక బెయిల్ కూడా అడగొచ్చు.

నెల దాకా ఆగొద్దని మేడం అంది. మాండేటరీ బెయిల్‌లో పూచీకత్తు పెట్టేలోపు చార్జిషీటు వస్తే అనవసరమైన వాదన మొదలవుతుందని ఆమె భయం. వారం కాగానే షరతు మార్చమని పిటిషన్ వేసింది. నాగర్‌కర్నూల్ నుంచి ఒక పారా లీగల్ వలంటీర్, అంటే న్యాయ సేవాధికార సంస్థకు సాయపడే ఆమె, మా ఊరికి వెళ్లింది. ఆమెను చూసి మా అమ్మ మళ్లీ పోలీసులేమో అనుకుని భయపడిందట. ఇల్లు చూసి, పిల్లల బడి సంగతి, మా ఆవిడ కూలి ఎంత, భూమి ఉందా లేదా రాసుకుని, పంచాయతీ కార్యదర్శితో మాట్లాడి వెళ్లింది. ఆ రిపోర్టు పిటిషన్‌కు జత చేశారు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు కోర్టు లోకల్ షరతు తీసేసి, ఒక ష్యూరిటీ, నా సొంత పూచీకత్తు చాలంది.

బావ కాగితాలు తయారు చేసుకుని వచ్చాడు. పాస్‌బుక్ ఒరిజినల్, దాని జిరాక్సు, ఆధార్, పాస్‌పోర్టు ఫొటోలు, నోటరీ చేసిన అఫిడవిట్. ఒరిజినల్ కోర్టు ఉంచేసుకుంటుందేమోనని అక్క ఒకటే గొడవ. చూసి తిరిగి ఇచ్చేశారు. మేజిస్ట్రేట్ బావను నేరుగా అడిగారు: "ఇతను వాయిదాలకు రాకపోతే ఇరవై ఐదు వేలు మీరు కట్టాల్సి వస్తుంది, తెలుసా?" బావ "తెలుసు సార్" అన్నాడు. ష్యూరిటీగా వచ్చేవాళ్లకు ఈ ప్రశ్న ముందే చెప్పి తీసుకురండి. తడబడితే పంపించేస్తారట.

డిసెంబరు 27న రిలీజ్ ఆర్డర్ లాకప్ వేళ కంటే ముందే జైలుకు చేరింది. సాయంత్రం దాటితే మర్నాటికి పడేది. వేలిముద్ర, ఫొటో సరిచూశారు, పర్సు, ఫోను, క్యాంటీన్ ఖాతాలో మిగిలిన డబ్బు ఇచ్చారు. నోట్‌బుక్ మాత్రం లోపలే వదిలి వచ్చాను. గంజాయి కేసు కుర్రాడికి ఇచ్చాను, ఇప్పుడు అందరికీ రాసిపెట్టేది అతనే.

ఖర్చు సంగతి. ప్రైవేటు లాయర్‌కు పద్దెనిమిది వేలు, దాని మీద వడ్డీ ఇంకా కడుతున్నాం. లీగల్ ఎయిడ్ లాయర్‌కు ఏమీ లేదు, పిటిషన్ ఖర్చులు కూడా లేవు. నోటరీ, ఫొటోలు, జిరాక్సులు అన్నీ కలిపి వెయ్యి లోపు. బావ బస్సు చార్జీలు, పోయిన కూలి వేరే.

బెయిల్‌కు డబ్బే కట్టమని షరతు ఉండి కట్టలేని పేద ఖైదీలకు, 2023 నుంచి నడుస్తున్న కేంద్ర పథకం కింద రిమాండ్ ఖైదీకి (మొదట్లో 40,000 దాకా), శిక్ష పడి జరిమానా కట్టలేనివాళ్లకు 25,000 దాకా సాయం ఉంది. సంస్థ సెక్రటరీ ఉండే జిల్లా కమిటీ నిర్ణయిస్తుంది. గంజాయి లాంటి కొన్ని కేసులకు వర్తించదు. ఇంకొకటి, మొదటిసారి కేసులో పడ్డవాళ్లు ఆ నేరానికి ఉన్న పెద్ద శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపేస్తే, నాగరిక్ సురక్షా సంహిత 479 సెక్షన్ కింద వదలమని జైలు సూపరింటెండెంటే కోర్టుకు రాయాలి. ఉరి, యావజ్జీవం పడే కేసులకు, ఒకటి కంటే ఎక్కువ కేసులు ఉన్నవాళ్లకు ఇది లేదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇది పాత కేసులకూ వర్తిస్తుందని చెప్పింది. మీ మనిషి ఎక్కువ కాలంగా లోపల ఉంటే ఈ సెక్షన్ నంబరు చెప్పి అడగండి. జైలు ఏ జిల్లాలో ఉన్నా, ఇంటి నుంచి న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కు ఫోను చేసి మొదలుపెట్టొచ్చు. ఆ ఫోనుకు డబ్బులు పడవు.

బయటికి వచ్చాక ఒక కష్టం మిగిలింది. ఆదివారం సంతకం. అచ్చంపేట నుంచి పొద్దున్నే బయలుదేరితే తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి అయ్యేది. మగవాళ్లకు టికెట్ ఉంది కదా, వచ్చిన కూలిలో చాలా వరకు దానికే పోయేది. మేడం దాని మీదా పిటిషన్ వేసింది, ఫిబ్రవరి నుంచి నెలకు ఒకసారి చేశారు. చార్జిషీటు జనవరి చివర్లో పడింది. వాయిదాలకు అదే మేడం వస్తోంది. ఇప్పుడు ఊళ్లోనే ట్రాక్టర్ నడుపుతున్నాను, వాయిదా ఉన్న రోజు మాత్రం పనికి పోను.